తక్కువ తినమని చెప్పేముందు

ఈ పూట ఒంటి బరువు కబుర్లు చెప్పుకుందాం. నేను నర్సును. ఎక్కువ కాలం కనిగిరి చుట్టుపక్కల ఊళ్లలోనే పనిచేశాను. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది కుర్చీలో కూర్చోకముందే ఒక మాట అంటారు: "సిస్టరమ్మా, నేను తినేది ఏముందమ్మా, గాలి పీల్చినా ఒళ్లొస్తాంది." పక్కనున్నవాళ్లు ఎవరో ఒకరు వెంటనే అందుకుంటారు: "తిండి తగ్గించి నాలుగడుగులు నడువు, అదే పోతాది."

ఆ సలహా పుస్తకంలో ఒప్పే. మా ప్రాంతంలో మటుకు అంతకంటే ముందు అడగాల్సినవి ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఏ నీళ్లు తాగారు? మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? సంచిలో ఏ బిళ్లలున్నాయి? ఏ ఆపరేషన్లు అయినాయి? ఇవి అడక్కుండా తిండి మాట ఎత్తితే కిలో బరువు కూడా తగ్గించలేమని నా గట్టి నమ్మకం.

నీళ్ల సంగతి మీకు కొత్తేం కాదు. మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బు గురించి డాక్టర్లు మొదటగా రాసింది 1937లో. షార్ట్ అనే ఆయన, తోటి వైద్యులు మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఆ జబ్బును చూసి రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లావే. 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర వరకు సర్దుకోవచ్చు అంటారు. మా బోర్లలో అంతకు మించి ఉన్నవి చాలా ఉన్నాయి. ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద గోధుమరంగు మచ్చలు పడతాయి, ఆ తర్వాత ఎముకల్లో చేరి మెడ, నడుము, మోకాళ్లు బిగుసుకుపోతాయి. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగిన నాటి నుంచి దాని మంచినీళ్ల కోసం చూస్తూ ముసలివాళ్లయిన మనుషులు ఈ ఊళ్లలో ఉన్నారు.

ఇప్పుడు చెప్పండి, అట్లా మోకాళ్లు బిగుసుకుపోయిన మనిషిని రోజూ తెల్లారి గంటసేపు నడవమంటే ఏమవుతుంది? రెండు రోజులు నడుస్తుంది. మూడో రోజు మోకాలు వాస్తుంది. నాలుగో రోజు నుంచి మన మీద నమ్మకం పోతుంది. అందుకే బరువు మాట వచ్చినప్పుడు ముందు ఫ్లోరోసిస్ పరీక్షలు చేయిస్తాను. మోకాళ్లు వంచకుండా వంగి నేల ముట్టుకోమంటాను. గడ్డం ఛాతీకి ఆనించమంటాను. చేతులు పక్కలకు చాచి, మడిచి, తల వెనక్కి పెట్టమంటాను. పైసా ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. ఇవి చేయలేని మనిషికి నడక రాసిపెట్టి ఊరుకోవడం అన్యాయం. మంచం అంచున కూర్చుని ఒక్కో కాలూ ముందుకు చాచి పది లెక్కపెట్టేదాకా ఆపమనండి. గోడ పట్టుకుని మడమలు లేపమనండి. తొడ కండ గట్టిపడితే మోకాలికి ఆసరా దొరుకుతుంది. ఇంకో సంగతి కూడా చెబుతాను, విన్నవాళ్ల కళ్లు వెలుగుతాయి: ఒంట్లో కిలో తగ్గితే అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నాలుగు కిలోలు తగ్గితే ఎంతో వాళ్లే లెక్కేసుకుంటారు.

మోకాలి నొప్పికి మనిషి మొదట పోయేది మా దగ్గరికి కాదు, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి. అర్ధరాత్రి తలుపు కొడితే పలికేది ఆయనే కాబట్టి పోయినవాళ్లను నేను తప్పుపట్టను. కానీ అక్కడ ఇచ్చే పొట్లం చూడాలి. అట్టలోంచి విడగొట్టి కాగితంలో చుట్టిన బిళ్లలు, పేరుండదు, తేదీ ఉండదు. అందులో చిన్న తెల్లబిళ్ల ఒకటి ఉంటే నాకు గుండె గుభేలుమంటుంది. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్లు అట్లాగే ఉంటాయి. నాటు మందని, ఆకు పొడి అని అమ్మేవాటిలో కూడా వీటిని కలుపుతుంటారు. వేసుకున్న రెండో రోజుకే నొప్పి మాయం. ఆకలి పుడుతుంది. ఒంట్లో సత్తువ వచ్చినట్టుంటుంది. ఎవరు మానతారు చెప్పండి?

నెలలు గడిచేకొద్దీ ముఖం గుండ్రంగా నిండుతుంది. మెడ వెనక కొవ్వు ముద్దకడుతుంది. పొట్ట ముందుకొస్తుంది, చేతులూ కాళ్లూ మాత్రం సన్నబడతాయి. పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలు పడతాయి. చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతుంది. ఊళ్లోవాళ్లు "ఒళ్లు చేసింది, రంగు తేలింది" అంటారు. ఈలోగా షుగరు పైకి, బీపీ పైకి. ఎముకలు లోపల గుల్ల. ఇదే జబ్బు సహజంగా ఒంట్లో కార్టిసోల్ అనే హార్మోను ఎక్కువై వస్తే దాన్ని కుషింగ్ జబ్బంటారు, 1932లో హార్వీ కుషింగ్ అనే అమెరికా సర్జన్ వివరంగా రాశాడు. మన దగ్గర మనుషులకు అది పొట్లంలోంచి వస్తుంది. ఈ మనిషికి "తక్కువ తిను" అని ఎన్నిసార్లు చెప్పినా, ఆ తెల్లబిళ్ల ఆకలి పెంచుతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త, దయచేసి మరిచిపోకండి. సంగతి తెలిసింది కదా అని ఆ బిళ్లను ఆ రోజే పారేయమని ఎవరికీ చెప్పకూడదు. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు నెలల తరబడి పని మానేసి ఉంటాయి. బయటి మందు ఒక్కసారిగా ఆగితే వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి కూడా వస్తుంది. డాక్టరు మెల్లమెల్లగా తగ్గించాలి. మా వంతు పని పొట్లం పట్టుకోవడం, ఫోటో తీసి పీహెచ్‌సీ డాక్టరుకు పంపడం, ఆ అక్కకు మంచి మాట చెప్పి కనిగిరికో ఒంగోలుకో పంపడం. "నీ తప్పేం లేదక్కా, నొప్పి భరించలేక వాడావు" అనాలి. ఆ ఒక్క మాట అనకపోతే మళ్లీ సంచి విప్పి చూపించరు.

ఆపరేషన్ల సంగతికి వస్తాను. "పిల్లల ఆపరేషన్ అయినాకే ఒళ్లొచ్చింది" అనే మాట ఇంటింటా వినేదే. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు డెబ్భై మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, అదీ చాలామంది పాతికేళ్ల లోపే. అందులో గొట్టాలు మాత్రమే కడతారు. అండాశయాలను ముట్టరు, హార్మోన్లు మారవు. రెండు కాన్పుల్లో పెరిగిన బరువు దిగకముందే ఆపరేషన్ అవుతుంది, ఆ తర్వాత "పచ్చి ఒళ్లు" అని నెలల తరబడి కూర్చోబెట్టి నెయ్యన్నం పెడతారు. అసలు సంగతి అక్కడుంది.

గర్భసంచి తీయించుకోవడం మాత్రం వేరే విషయం. ఇందులో దేశంలో అన్నిటికంటే ముందున్నది మన ఆంధ్రప్రదేశే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి సుమారు తొమ్మిది మందికి గర్భసంచి లేదు. తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఎక్కువగా ఉందనో, పొలం పనికి అడ్డమనో తీయించేసుకుంటారు. దాంతోపాటు అండాశయాలు కూడా తీశారా అని అడిగితే సగం మందికి తెలియదు. తీసి ఉంటే ముప్పై అయిదేళ్ల మనిషికి ఒక్క రోజులో ముట్లుడిగిన వయసు వచ్చేసినట్టే. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, పొట్ట చుట్టూ కొవ్వు, ఎముకల అరుగుదల మొదలవుతాయి. మా ఫ్లోరైడ్ ఎముకలకు ఇది రెండో దెబ్బ. అందుకే ఆపరేషన్ కాగితం అడిగి చూస్తాను, బియ్యం డబ్బా అడుగునో ట్రంకుపెట్టెలోనో దొరుకుతుంది. ఆ కాగితం దొరికితే డాక్టరు సగం సంగతి దాంట్లోనే చదువుకుంటాడు.

ఇక థైరాయిడ్. దేశంలో ఎనిమిది నగరాల్లో, హైదరాబాదుతో కలిపి, పెద్దవాళ్లను పరీక్షించిన అధ్యయనమొకటి 2013లో వచ్చింది. నూటికి పదకొండు మందికి థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. కాబట్టి ఒళ్లొచ్చిన మనిషికి ఆ రక్తపరీక్ష చేయించడం సరైనదే. అయితే బరువంతా దాని ఖాతాలో వేయకండి. థైరాయిడ్ వల్ల పెరిగే బరువు మామూలుగా రెండు నుంచి అయిదు కిలోలు, అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో చేరిన నీరు, ఉప్పు. బిళ్ల మొదలుపెట్టగానే ఇరవై కిలోలు దిగుతాయని ఆశపడి, దిగకపోయేసరికి బిళ్లే మానేసిన వాళ్లను చూశాను.

ఆ బిళ్ల వేసుకునే తీరు కూడా చెప్పాలి. పొద్దున లేవగానే పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. టీ, టిఫిను అరగంట తర్వాత, వీలైతే గంట తర్వాత. మా ఊళ్లలో లేచీ లేవకముందే టీ గ్లాసు చేతిలో ఉంటుంది కాబట్టి బిళ్ల సీసాను పొయ్యి దగ్గర కాకుండా తలాపున పెట్టుకోమంటాను. ఎర్ర ఐరన్ బిళ్లలు, కాల్షియం బిళ్లలు వాడేవాళ్లు దానికీ వీటికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉంచాలి. మేమే ఒక చేత్తో ఐరన్ బిళ్లలు ఇచ్చి, ఇంకో చేత్తో థైరాయిడ్ బిళ్లలు ఇస్తుంటాం కనుక ఈ మాట చెప్పాల్సింది మేమే. మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష. కడుపుతో ఉన్న అమ్మాయి అయితే ఆలస్యం వద్దు, నెల తప్పిందని తెలిసిన వెంటనే డాక్టరుకు చెప్పాలి, మోతాదు పెంచాల్సి వస్తుంది.

కాలేజీకి పోయే ఆడపిల్లలను తల్లులు వేరే కారణంతో తీసుకొస్తారు. "మెడ నల్లగా అయితాంది సిస్టరమ్మా, సున్నిపిండి పెట్టి రుద్దినా పోవడంల్యా." ఆ పిల్ల తలొంచుకుని చున్నీ మెడ చుట్టూ లాక్కుంటుంది. అది మురికి కాదు తల్లీ, రుద్దొద్దు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక, ఎక్కువెక్కువగా ఊరితే మెడ మీద, చంకల్లో చర్మం అట్లా మందంగా నల్లబడుతుంది. నెలసరి ఎట్లా వస్తోందని తల్లిని కాస్త బయట కూర్చోబెట్టి అడగాలి. రెండు నెలలకో మూడు నెలలకో వస్తోందంటే, గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నాయంటే, ఊళ్లో "నీటి బుడగలు" అనే పీసీఓఎస్ అయ్యుండొచ్చు. స్కానింగులో కనిపించేవి ఎదగని అండాలు, కోసి తీయాల్సిన గడ్డలు కావు. "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అనే మాట ఇళ్లలో వినిపిస్తుంది. దయచేసి ఆ మాట నమ్మి పిల్ల చదువు ఆపకండి. డెబ్భై కిలోల పిల్ల మూడున్నర కిలోలు తగ్గినా, అంటే నూటికి అయిదు వంతులు, చాలామందిలో నెలసరి దారికొస్తుంది. మూడు నెలలు దాటినా రాకపోతే మాత్రం డాక్టరు దగ్గరికి పోవాల్సిందే, ఎందుకంటే గర్భసంచి లోపలి పొర మందమవుతూ పోవడం మంచిది కాదు.

ఇంతకీ లావంటే ఎంత లావు? తెల్లవాళ్లకు పెట్టిన కొలత మనకు చాలదు. ఒడ్డూపొడుగులు సరితూగినా మన ఒంట్లో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. పుణెకు చెందిన యాజ్ఞిక్ అనే డాక్టరు, లండన్‌లో యూడ్కిన్ అనే డాక్టరు 2004లో తమ ఇద్దరి ఫోటో ప్రచురించారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరిదీ ఒకటే అంకె, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం లండన్ డాక్టరుకు నూటికి 9 వంతులు, మన డాక్టరుకు 21. అందుకే మనవాళ్లకు ఆ లెక్కలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని పెట్టుకున్నారు. అయిదడుగుల మనిషికి 58 కిలోలు దాటితే ఊబకాయమే. నమ్మబుద్ధి కాదు కదూ? 2019-21 సర్వేలో మన రాష్ట్రపు ఆడవాళ్లలో నూటికి 36 మంది ఆ 25 అంకెకు చేరినవాళ్లు. దేశం మొత్తం చూస్తే నూటికి 24.

తూకం కంటే నడుము కొలత ముఖ్యం. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి నింపే కాగితంలో కూడా అది ఉంటుంది. చీర కుచ్చిళ్ల మీద, లంగా బొందు మీద టేపు పెట్టి కొలిస్తే ఆ అంకె ఎందుకూ పనికిరాదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, ఊపిరి వదిలాక, ఒంటికి ఆనించి కొలవాలి. దానికి తెర కావాలి. తెర లేకపోతే రెండు కుర్చీల మీద దుప్పటి కట్టయినా సరే చాటు చేయాలి. ఇంకోటి, తూకం అంకెను వరసలో నిలబడ్డ అందరికీ వినపడేట్టు అరిచి చెప్పకూడదు. ఎనభై ఎనిమిది అని ఒకసారి ఊరి ముందు వినిపించిన మనిషి మళ్లీ మా గడప తొక్కదు. బీపీ పట్టీ కూడా చూసుకోవాలి. లావుపాటి చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది, ఆ మనిషి అనవసరంగా బిళ్లలు మింగుతుంది.

తిండి మాట ఇప్పుడు ఎత్తుతాను. మా తాతల నాడు సజ్జ, జొన్న, వరిగ, కొర్ర తిని పగలంతా కందిచేనులో వంగేవాళ్లు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదవాడి కడుపు నిండింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. ఇప్పుడు పొద్దున ఇడ్లీ దోసె, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం, మూడూ బియ్యమే. పని మాత్రం తగ్గింది. రాగి సంకటి తింటే చాలు అనుకునేవాళ్లకు ఒక మాట: పెద్ద ముద్దలు రెండు తింటే రాగి అయినా బియ్యం అయినా షుగరు పెరిగేదే.

నేను అన్నం గురించి మొదట అడగను. "ఇంట్లో ఎంతమంది? నెలకు ఎన్ని నూనె ప్యాకెట్లు?" అని అడుగుతాను. అన్నం సంగతైతే ఎవరైనా తగ్గించి చెబుతారు, ప్యాకెట్ల లెక్క దాచరు. మనిషికి నెలకు ముప్పావు లీటరు దాటకూడదు, నలుగురున్న ఇంటికి మూడు లీటర్లు. ఆరు, ఏడు అని చెప్పే ఇళ్లు మామూలే. రెండు ప్యాకెట్లు తగ్గించడం ఇల్లాలి చేతిలో పని, ఇంట్లో అందరికీ మేలు. ఆ తర్వాత టీ. పూటకు రెండు గ్లాసులు, గ్లాసుకు రెండు చెంచాల పంచదార. టీ ఆకులో ఫ్లోరైడ్ కూడా ఉంటుంది, కాబట్టి మాకు టీ తగ్గించడం రెండు విధాలా లాభం. దాని బదులు పల్చటి మజ్జిగ, కూరలో మునగాకు, రోజూ ఒక గుడ్డు. ఇవి ఫ్లోరైడ్ ఎముకలకూ మంచివే, కొవ్వు తగ్గేటప్పుడు కండ పోకుండానూ కాపాడతాయి.

ఇంత ఓపిగ్గా చెప్పడానికి పెద్ద డాక్టర్లకు టైమెక్కడిది? అందుకే ఇది నర్సుల పని అంటాను. స్కాట్లండ్‌లోనూ ఇంగ్లండ్ ఉత్తరాన టైన్‌సైడ్‌లోనూ చేసి 2017 చివర్లో ప్రచురించిన డైరెక్ట్ అనే అధ్యయనం చూడండి. షుగరు వచ్చి ఆరేళ్ల లోపున్నవాళ్లకు మామూలు చిన్న క్లినిక్కుల్లోనే నర్సులు, డైటీషియన్లు కొన్ని నెలలు రోజుకు దాదాపు 850 కేలరీల ద్రవాహారం ఇచ్చి, తర్వాత మెల్లగా తిండికి తెచ్చారు. ఏడాది తిరిగేసరికి నూటికి 46 మంది మందులు లేకుండా షుగరును అదుపులో పెట్టుకున్నారు. మామూలు వైద్యం తీసుకున్నవాళ్లలో నూటికి నలుగురే. ఆ ఆహారం మన ఇళ్లలో సొంతంగా మొదలుపెట్టేది కాదు, షుగరు బిళ్లలు వేసుకుంటూ కడుపు మాడ్చుకుంటే షుగరు పడిపోయి స్పృహ తప్పుతుంది. నాకు అందులో నచ్చింది వేరే. ఒక్కో మనిషిని నెలనెలా, విడవకుండా చూశారు. మన దగ్గర బీఎస్సీ నర్సింగ్ చదివి విలేజ్ క్లినిక్‌లో కూర్చున్న ఎంఎల్‌హెచ్‌పీ అమ్మాయికి రెండున్నర వేల మంది జనం. వాళ్లందరినీ పేరుపేరునా ఎరిగే వీలున్నది ఆ ఒక్క అమ్మాయికే.

ఈమధ్య అందరూ అడిగేది సూది గురించి. "వారానికొక సూది వేస్తే ఒళ్లు కరిగిపోతుందంట గదా?" మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. మంచి మందులే, ఆకలి తగ్గించి బరువు బాగా దించుతాయి. హైదరాబాదులో ఉన్న పిల్లలు అమ్మకు కొని పంపుతామంటున్నారు. డాక్టరు చూడకుండా మొదలుపెట్టకండి. ఇంట్లో ఎవరికైనా మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉంటే అసలు వాడకూడదు. సూది ఆపేస్తే చాలావరకు బరువు తిరిగొస్తుంది, అది ముందే తెలిసి ఖర్చుకు దిగాలి. మొదటి వారాల్లో వికారం, వాంతులు మామూలే, కానీ మా ఎండల్లో నీళ్లు నిలవకపోతే కిడ్నీల మీద పడుతుంది. అన్నిటికంటే నాకు భయం వేసేది కండ గురించి. ఆకలి చచ్చిన మనిషి రెండు ముద్దలు తింటుంది, ఆ రెండూ అన్నమే అయితే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. అందుకని సూది వేయించుకునే వాళ్లను నేను తూకంతో వదిలిపెట్టను. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా అయిదుసార్లు లేచి కూర్చోమంటాను, గడియారం చూస్తాను. పోయిన నెల కంటే ఎక్కువసేపు పడితే, తూకం ఎంత బాగా దిగినా ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేస్తాను.